పైపుకు అటు చివర

జితేందర్ ఎవరితోనైనా మాట్లాడే ముందు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంటాడు. ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుంటాడు. ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు వచ్చిందా అని అడగడానికైనా అంతే. భార్య నమ్రతతో గొడవపడేటప్పుడూ అంతే.

అలవాటు సిద్దిపేటది. అక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అతను ఫిజికల్ డైరెక్టర్. పిల్లల నోట పీఈటీ సారు. ఆడపిల్లల ఖోఖో జట్టును అతనికి అప్పగించిన రోజున ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు. ఒక్క మాట చెప్పాడు.

"నీ చేతులు నీ దగ్గర్నే ఉండాలె."

అంతకుముందున్న సారు ఎందుకు వెళ్లిపోయాడో జితేందర్ విన్నాడు. ఆయన తప్పు చేశాడో లేదో ఎవరికీ తెలియదు. వెళ్లిపోయాడని మాత్రం అందరికీ తెలుసు.

ఆ జట్టు జిల్లాలో కప్పు గెలిచింది. ఫోటోలో అమ్మాయిలు కప్పును పైకెత్తి అరుస్తున్నారు. అతను వరస చివర నిలబడి ఉన్నాడు. చేతులు కనిపించవు.

నమ్రతకు అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉద్యోగం వచ్చింది. ఆమె వీసా మీద అతను వచ్చాడు. మొదట్లో పని చేయడానికి అనుమతి లేదు. వంట చేశాడు. అపార్ట్‌మెంట్ వెనక పైన్ చెట్ల మధ్య కాలిబాట మీద పరుగెత్తాడు. వారాంతాల్లో స్నేహితుల ఇళ్లలో గోడ పక్కన పేపర్ ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, మీదేం టెక్నాలజీ?"

"నాది టెక్నాలజీ కాదు. పీఈటీ."

"ఓ, డ్రిల్ మాస్టరా! మా ఆయన పొట్ట చూడండి. దీనికేమైనా డ్రిల్ ఉందా?"

అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేయమని, అది చాలా ఈజీ అని చెప్పినవాళ్లు చాలామంది. అనుమతి కార్డు పోస్టులో వచ్చిన రోజున అతను టెస్టింగ్ కోర్సులో చేరలేదు. ఫిట్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు పుస్తకం తెప్పించుకున్నాడు.

పుస్తకం బరువైనది. అందులో చర్మం లేని మనిషి బొమ్మ ఉంది. ప్రతి కండకూ ఒక లాటిన్ పేరు ఉంది. పరుగెత్తే పిల్ల ఏ కాలి మీద ఎక్కువ బరువు వేస్తోందో గట్టు మీద నిలబడి చెప్పగలిగినవాడు, ఆ కాలిలో కండల పేర్లు రాక మొదటిసారి తప్పాడు. నమ్రత ఆ పేర్లను చీటీల మీద రాసి వంటింటి అల్మారా తలుపులకు అంటించింది. కందిపప్పు డబ్బా తీయాలంటే తొడ వెనక కండ పేరు చెప్పాలి. తప్పు చెబితే ఆ పూట పప్పు లేదు. రెండోసారి పాసయ్యాడు.

పరీక్ష ఒక్కటే చాలదు. గుండె ఆగినవాళ్లకు చేయాల్సినదాంట్లో శిక్షణ పొందిన కార్డు కావాలి. ఆ క్లాసు చెప్పినాయన ఒకప్పుడు ఫైర్ ఇంజన్ మీద పనిచేసినవాడు. నేల మీద రబ్బరు బొమ్మలు వరసగా పడి ఉన్నాయి. అందరూ మోకాళ్ల మీద కూర్చుని బొమ్మల భుజాలు తడుతున్నారు. బాగున్నావా, బాగున్నావా అని అరుస్తున్నారు. జితేందర్ నిలబడి చూస్తున్నాడు.

"మిత్రమా," అన్నాడు ఆయన, "వాడు చచ్చిపోతున్నాడు. నువ్వు చేతులు కట్టుకున్నావు."

జితేందర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ బొమ్మ రొమ్ము మీద పెట్టి నొక్కాడు. ఇంకా గట్టిగా, అన్నాడు ఆయన. ఇంకా గట్టిగా. రబ్బరు కింద ఏదో టక్కుమంది. అది సరిగ్గా నొక్కినట్టు గుర్తు.

ఆ తర్వాత కొంతకాలం ఒక జిమ్‌లో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ల వెనక నిలబడి చూశాడు. ఎదురుగా నిలబడి చెప్పేటప్పుడు నీ ఎడమ వాళ్లకు కుడి అవుతుందని నేర్చుకున్నాడు. పాట వేగమూ క్లాసు వేగమూ ఒకటి కావాలని నేర్చుకున్నాడు. తప్పును మూడు విధాలుగా దిద్దవచ్చని నేర్చుకున్నాడు. చెప్పు. చూపించు. చెయ్యి వేయి. మూడోది అడిగాకే.

మూడోదాన్ని అతను పుస్తకంలోనే వదిలేశాడు.

పని దొరికింది ఒక కమ్యూనిటీ హాల్లో. పొడవైన గది, ఒక గోడ నిండా అద్దం, ఇంకో గోడ నిండా గాజు. గాజుకు అవతల వరండా, బెంచీ. బెంచీ మీద కూర్చున్నవాళ్లకు లోపల జరిగేదంతా కనిపిస్తుంది. మాట మాత్రం వినిపించదు. అక్కడ క్లాసుల బాధ్యత డెనీస్ అనే ఆమెది. సన్నగా, తెల్లగా నెరిసిన పొట్టి జుట్టుతో ఉంటుంది. ఎక్కువ మాట్లాడదు. అతనికి రెండు క్లాసులు ఇచ్చింది. శనివారం తొమ్మిదింటికి రిటైరైన అమెరికన్లకు ఒకటి. శుక్రవారం సాయంత్రం, శనివారం పదింటికి చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్లకు రెండోది. వాళ్లే అడిగి పెట్టించుకున్న క్లాసు అది. తలుపు మీద టైమ్‌టేబుల్‌లో అతని పేరు పక్కన ట్రయల్ అని చిన్న అక్షరాలున్నాయి. వేసవి మొదలయ్యేలోపు ఆ అక్షరాలు పోవాలి. లేకపోతే పేరు పోతుంది.

ఈ దేశంలో నాది అని చెప్పుకోవడానికి అతనికి ఉన్నది ఆ పేరొక్కటే. మిగిలినవన్నీ నమ్రత పేరు మీద ఉన్నాయి. వీసా, ఇల్లు, కారు, ఆఖరికి లైబ్రరీ కార్డు.

తెలుగు క్లాసు మొదటి రోజున అందరినీ పేర్లు అడిగాడు. వాళ్లలో ఒక లక్ష్మి ఉంది, ఒక లక్ష్మీప్రియ ఉంది. ఇద్దరినీ లక్ష్మీ అనే పిలుస్తున్నారు. గందరగోళం లేకుండా ఇంటిపేర్లు కూడా చెప్పమన్నాడు. వరసగా చెప్పారు. చివర సుబ్బులు గారు ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఒంగోలు వైపు నుంచి చాలా ఏళ్ల కిందట చదువుకోవడానికి వచ్చి, యూనివర్సిటీ లేబొరేటరీలో సూక్ష్మజీవుల మీద పనిచేసి రిటైరైంది. ఆమె ఇంటిపేరు చెప్పే ముందు కొంచెం ఆగింది. తర్వాత చెప్పింది.

రెండో వారం అతను పైపులు తెచ్చాడు. నీళ్ల గొట్టాలకు వాడే తెల్ల ప్లాస్టిక్ పైపులు. హార్డ్‌వేర్ షాపులో కొని, నడుము ఎత్తుకు కోయించి, చివరలకు టేపు చుట్టాడు. వీపుకు ఆనించుకుంటే వెన్ను నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. అందరికీ తలా ఒకటి ఇచ్చాడు. ఒకటి తను ఉంచుకున్నాడు. దాన్ని వెనక్కి పెట్టుకున్న చేతుల్లో అడ్డంగా పట్టుకునేవాడు. ఎవరి మోకాలైనా లోపలికి వాలితే పైపు కొనతో మెల్లగా తాకేవాడు. ఎవరి భుజమైనా పైకి లేస్తే పైపు కొనతో చూపేవాడు. మన ఆడవాళ్ల మధ్య ఒక మాట పుడితే, అది పార్కింగ్ దాటేలోపే పెద్దదవుతుందని అతనికి తెలుసు. పైపు మధ్యలో ఉంటే ఆ మాట పుట్టదు. తెలివైన ఏర్పాటు అనుకున్నాడు.

తొమ్మిది గంటల క్లాసులో పైపు అవసరం రాలేదు. అక్కడ వాల్ట్ అనే ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు బస్సు నడిపినవాడు. ఆయన రాగానే చెయ్యి పైకెత్తి అరచేతికి అరచెయ్యి కొట్టేవాడు. మెడ మీద చెయ్యి వేసి మనవళ్ల గురించి చెప్పేవాడు. నా భుజం పట్టేసింది, ఇక్కడ నొక్కు జిటూ, అనేవాడు. జితేందర్ నొక్కేవాడు. ఆయన్ను చూసి మిగిలినవాళ్లు కూడా అంతే. అడిగినప్పుడు అతను కాదనలేదు. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

ఏప్రిల్ నెలలో ఒక బుధవారం డెనీస్ ఫోన్ చేసి రమ్మంది.

"నీ పది గంటల క్లాసు గురించి ఒకరు వచ్చి మాట్లాడారు."

"ఎవరు?"

"అది చెప్పకూడదు."

"ఏమన్నారు?"

"నేను చూడకముందు అది కూడా చెప్పకూడదు. శనివారం వచ్చి కూర్చుంటాను. నువ్వు మామూలుగా చెప్పు. ఆ తర్వాత నీ ట్రయల్ సంగతి మాట్లాడదాం."

జితేందర్ చేతులు వెనక ఉన్నాయి. కుడిచెయ్యి ఎడమ మణికట్టును నలిపేస్తోంది.

ఇంటికి వచ్చి నమ్రతకు చెప్పాడు. ఆమె లాప్‌టాప్ మూసింది.

"ఎవల్నన్న ముట్టుకున్నవా?"

"పిచ్చా నీకు? పైపు ఎందుకు కొన్న మరి?"

"ఏమన్న అన్నవా? జోకులేసినవా?"

"నమ్రతా!"

"నమ్ముతనయ్యా. కానీ అడగాలె గద. రేపు ఎవలన్న నన్ను అడిగితే నేనేం చెప్పాలె?"

ఆమె మళ్లీ లాప్‌టాప్ తెరిచింది. కానీ ఏమీ టైపు చేయలేదు. అతను చూశాడు. తనను ఆమె తెర అంచు మీదుగా చూస్తోందని అతనికి అనిపించింది. నిజంగా చూసిందో లేదో.

ఆ రెండు రోజులూ అతను ఒక్కొక్కరినీ తలచుకున్నాడు.

హంసిక క్లాసు మధ్యలో ఫోన్‌ను కిటికీ గట్టు మీద ఆనించి వీడియో తీసుకుంటుంది. తన స్క్వాట్ ఎలా వస్తోందో చూసుకోవడానికి, అంటుంది. ఆ వీడియోలో ఆమె ఒక్కతే ఉండదు. వెనక నడిచే మనిషి కూడా ఉంటాడు.

లక్ష్మీప్రియ భర్త గౌరీశంకర్ ఒక శనివారం బెంచీ మీద కూర్చుని క్లాసు అయ్యేదాకా లోపలికి చూశాడు. మీటింగ్ ఉంది, ఇక్కడ సిగ్నల్ బాగుంది, అన్నాడు. లాప్‌టాప్ మూసే ఉంది.

సుబ్బులు గారు శనివారాల్లో గంట ముందే వస్తుంది. బెంచీ మీద కూర్చుంటుంది. తొమ్మిది గంటల క్లాసు చూస్తుంది. పదింటికి లోపలికి వచ్చి చివరి వరసలో నిలబడుతుంది. క్లాసు జరుగుతున్నంతసేపూ అతని ముఖం చూడదు. చేతులు చూస్తుంది. ఎక్కడున్నాయో, ఏం పట్టుకున్నాయో చూస్తుంది. ఎందుకో అతనికి తెలియదు. తెలియనిది కాబట్టి చెడ్డదే అనుకున్నాడు.

ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. ముగ్గురూ కావచ్చు. తనకు నమస్తే చెప్పి, నవ్వి, నీళ్ల సీసా చేతికిచ్చే మనుషులే.

శుక్రవారం సాయంత్రం క్లాసులో అతను స్పీకరు పక్క నుంచి కదల్లేదు. పాట పెంచాడు. అద్దంలో మాత్రమే చూశాడు. లేని కుర్చీలో కూర్చోమన్నాడు.

"గోడకుర్చీ అనండి సార్, మాకు అలవాటే," అంది లక్ష్మీప్రియ. "హోంవర్క్ చేయకపోతే సగం పీరియడ్ వేయించేవాళ్లు."

"మీరు చేయలేదా?" అంది హంసిక.

"నేను చేసేదాన్ని. పక్కదాని కోసం వేసేదాన్ని. ఫ్రెండ్‌షిప్."

అందరూ నవ్వారు. జితేందర్ నవ్వలేదు. ఆ నవ్వులో తన గురించి ఏదైనా ఉందేమోనని విన్నాడు. హంసిక ఫోన్ కిటికీ గట్టు మీద ఉంది. దాని నల్లటి చిన్న కన్ను అతని వైపే ఉంది.

అద్దంలో చివరి వరస కనిపించింది. సుబ్బులు గారి కుడి మోకాలు లోపలికి పడుతోంది. కూర్చున్న ప్రతిసారీ ఇంకొంచెం పడుతోంది. అలా పడే మోకాలు ఏదో ఒక రోజు మెట్ల మీద మోసం చేస్తుంది. అతనికి తెలుసు. చెప్పాడు.

"ఆంటీ, కుడి మోకాలు."

ఆమె సరిచేయలేదు. పాటలో వినిపించలేదేమో. మళ్లీ చెప్పాడు. మళ్లీ పడింది. ఇక కదలక తప్పలేదు. వరసల పక్క నుంచి వెళ్లి, దూరంగా ఆగి, పైపు చాచి, దాని కొనతో మోకాలిని తాకాడు.

సుబ్బులు గారు పైపు కొనను పట్టుకుంది.

పట్టుకుని వదల్లేదు. ఇటు కొన అతని చేతిలో ఉంది. అటు కొన ఆమె చేతిలో ఉంది. పాట నడుస్తోంది. అందరూ లేచి నిలబడ్డారు.

"ఈ కర్ర ఎందుకు బాబూ?"

"కర్ర కాదు ఆంటీ. పైపు."

"సరే, పైపు. ఎందుకు?"

"మోకాలు చూపించనీకి."

"వాల్ట్‌కి దేంతో చూపిస్తావు?"

అతను తన చేతిలోని కొనను వదిలేశాడు. ఆమె కూడా పైపు వదిలేసింది. అది నేల మీద పడి దొర్లుకుంటూ అద్దం దాకా వెళ్లింది. ఎవరో పాట ఆపారు. హంసిక ఫోన్ తీసి బ్యాగులో పెట్టుకుంది. ఈ సాయంత్రానికి చాలు అన్నాడు జితేందర్. అందరూ చాపలు చుట్టుకున్నారు.

బయట ఇంకా వెలుతురు ఉంది. కార్ల మీద పైన్ పుప్పొడి పచ్చగా పేరుకుని ఉంది. ఆమె తన కారు తలుపు దగ్గర నిలబడి తాళాల కోసం బ్యాగు వెతుక్కుంటోంది. అతను వెళ్లి కొంచెం దూరంలో ఆగాడు. చేతులు వెనక్కి వెళ్లాయి.

"డెనీస్‌తోని మాట్లాడింది మీరేనా ఆంటీ?"

"నేనే."

తల ఎత్తకుండానే చెప్పింది. అతను మరో ప్రశ్న సిద్ధం చేసుకుని వచ్చాడు. అది పనికిరాకుండా పోయింది.

"నేను మిమ్మల్ని ముట్టుకోలే ఆంటీ. ఒక్కరోజు కూడ ముట్టుకోలే. ఎవల్నీ ముట్టుకోలే."

"అదే చెప్పాను ఆమెకి."

ఆమెకు తాళాలు దొరికాయి. కానీ తలుపు తీయలేదు. కారుకు ఆనుకుని నిలబడింది.

"తొమ్మిదింటికి అందరి మీదా చేతులు వేస్తావు. పదింటికి మా దగ్గరకి కర్రతో వస్తావు. బెంచీ మీద కూర్చుని వారం వారం చూశాను. మాట వినపడదు కాబట్టి ఇంకా బాగా కనపడుతుంది."

"మర్యాద కోసం ఆంటీ. మన ఆడోళ్లను ఎట్ల ముట్టుకుంట? ఎవలన్న ఏమన్న అనుకుంటే? అక్కడ వాల్టే మొదలు చెయ్యేసిండు. నేను వెయ్యలే."

"కావచ్చు."

ఆమె ఆ మాటను నమ్మి అనలేదు. పక్కన పెట్టి అంది.

"మా ఊరి బళ్లో పంతులుగారు ఉండేవాడు. మంచివాడే. ఒక్క దెబ్బ కొట్టలేదు నన్ను. లెక్క చేశాక నేను పలక కింద పెట్టి వెనక్కి జరగాలి. ఆయన వచ్చి, వంగకుండా, కర్రతో తప్పు చూపించేవాడు. ఇదిగో ఇక్కడ, ఇక్కడ. మిగతా పిల్లల పలకలు చేతుల్లోకి తీసుకుని దిద్దేవాడు. నాకు లెక్కలు ఆయనే నేర్పాడు. ఆ లెక్కలతోనే ఇంత దూరం వచ్చాను. అయినా ఆ కర్ర చివర నాకు ఇప్పటికీ కనపడుతుంది."

ఆమె తాళాలను చేతిలో తిప్పింది.

"మొదటి రోజు ఇంటిపేర్లు అడిగావు. రెండో వారం కర్రలు తెచ్చావు."

"ఇద్దరు లక్ష్ములు ఉన్నరని అడిగిన ఆంటీ! ఒట్టు. నాకు ఆ ఆలోచనే లేదు."

"ఉండకపోవచ్చు. నాకు తెలియదు కదా. నీ తల తెరిచి మైక్రోస్కోప్ కింద పెట్టలేను." ఆమె కారు తలుపు తీసింది. "ఈ దేశంలో ఎవరూ నన్ను ఇంటిపేరు అడగరు. అడిగేది మనవాళ్లే. అడిగాక ఏం మారుతుందో చూడటం నాకు అలవాటైంది. ఏమీ మారకపోయినా చూస్తాను. అనుమానం నాకు చిన్నప్పుడే వచ్చింది. నీ వల్ల వచ్చింది కాదులే."

"డెనీస్‌కు ఇదంత చెప్పిండ్రా?"

"ఆమెకేం అర్థమవుతుంది? మాకు కూడా అందరికీ చెప్పినట్టే చెప్పమనండి అన్నాను. అంతే."

కారు వెళ్లిపోయింది. అది నిలబడిన చోట నేల నల్లగా ఉంది. చుట్టూ పచ్చ పుప్పొడి.

ఇంట్లో నమ్రత మొత్తం విన్నది.

"ఇంటిపేరు అడిగినవా?" అంది చివరికి.

"అడిగిన. ఇద్దరు లక్ష్ములు..."

"వాళ్లిద్దరినే అడిగితే సరిపోవు గద. అందర్నీ ఎందుకడిగినవ్?"

"సిద్దిపేటల అందరం అడుగుతం. నువ్వడగవా?"

"అడుగుత," అంది నమ్రత. లేస్తూ మళ్లీ అంది. "ఎందుకడుగుతనో ఎన్నడూ ఆలోచించలే."

ఆమె వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. అల్మారా తలుపుకు ఒక చీటీ ఇంకా అంటుకుని ఉంది. తొడ కండ పేరు. అంచు చిరిగి, లాటిన్ అక్షరాలు సగమే మిగిలాయి.

జితేందర్ సోఫా మీద కూర్చుని ఆ మొదటి రోజును గుర్తు చేసుకున్నాడు. సుబ్బులు గారు ఇంటిపేరు చెప్పే ముందు ఆగింది. ఆగిందని తను గమనించాడు. గమనించాడు కాబట్టే ఇప్పుడు గుర్తుంది. ఆ పేరు విన్నప్పుడు తనకేమనిపించింది? ఏమీ అనిపించలేదు. అలాగని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ జవాబు చాలా తొందరగా వచ్చింది. తొందరగా వచ్చిన జవాబును అతను ఈ రెండు రోజుల్లో ఎవరి నోటి నుంచి వచ్చినా నమ్మి ఉండేవాడు కాదు. తన నోటి నుంచి వచ్చినదాన్ని కూడా నమ్మలేకపోయాడు.

పైపులు అందరి కోసం కొన్నాడు. హంసిక కోసం, లక్ష్మీప్రియ కోసం, అందరి కోసం. అది నిజం. ఆ నిజాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అది గట్టిగానే ఉంది. కానీ అవతలి కొన ఆమె చేతిలో ఉంది.

మర్నాడు తొమ్మిదింటికి వాల్ట్ వచ్చి అరచెయ్యి ఎత్తాడు. జితేందర్ కొట్టాడు. కొడుతూ గాజు వైపు చూశాడు. బెంచీ మీద సుబ్బులు గారు ఉంది. రాదేమో అనుకున్నాడు. వచ్చింది. అతను చూస్తున్నాడని ఆమె చూసింది. ఇద్దరూ చూపు తిప్పుకోలేదు.

పదింటికి ముందు అతను పైపులన్నీ ఎత్తి సామాన్ల గదిలో పెట్టి తలుపు మూశాడు. డెనీస్ టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని చివరి వరస పక్కన కుర్చీలో కూర్చుంది.

"కర్రలేవి సార్?" అంది హంసిక.

"ఇయ్యాల లేవు."

"అమ్మయ్య. బతికిపోయాం."

పాట తక్కువగా పెట్టాడు. లేని కుర్చీలో కూర్చోమన్నాడు. వరసల మధ్యలోకి నడిచాడు. హంసిక భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి.

"భుజం మీద చెయ్యి పెట్టి చూపించొచ్చా?"

"అడుగుతారేంటి సార్? పెట్టండి."

పెట్టాడు. భుజం దిగింది. అంతే, ఒక్క క్షణం. ఆ చెయ్యి తనది కానట్టు ఉంది అతనికి.

లక్ష్మీప్రియను అడిగాడు. "వద్దు సార్, నోటితో చెప్పండి, చేస్తా," అంది ఆమె. నోటితో చెప్పాడు. చేసింది.

చివరి వరసలో సుబ్బులు గారి కుడి మోకాలు లోపలికి పడుతోంది. అతను ఆమె ముందు ఆగాడు.

"ఆంటీ, మీ మోకాలు పట్టి చూపించొచ్చా?"

ఆమె లేచి నిలబడింది. అతని ముఖం చూడలేదు. చేతుల్ని చూసింది. అవి రెండూ ముందే ఉన్నాయి, ఏం చేయాలో తెలియనట్టు.

"వద్దు," అంది.

డెనీస్‌కు తెలుగు రాదు. కానీ ఆ మాట అర్థమైనట్టుంది. టాబ్లెట్ మీద ఆమె వేలు ఆగింది.

"సరే ఆంటీ," అన్నాడు జితేందర్. అక్కడి నుంచి వెళ్లిపోవచ్చు. అడిగాడు, వద్దంది. పద్ధతి ప్రకారం అంతా జరిగింది. డెనీస్ చూసింది కూడా.

వెళ్లలేదు. ఆ పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. డెనీస్ తన కుర్చీని వెనక్కి జరిపి చోటిచ్చింది. అతను కుడి అరచేతిని తెరిచి, సుబ్బులు గారి కుడి మోకాలికి బయటి వైపున, బెత్తెడు దూరంలో నిలిపాడు.

"నేను తాకను ఆంటీ. నా చెయ్యి ఇక్కడ ఉంటది. కదలదు. మీరు కూర్చునేటప్పుడు మోకాలుతోని దీన్ని బయటికి నూకాలె. నూకాలనిపిస్తేనే."

సుబ్బులు గారు ఆ అరచేతిని చూసింది. లేబొరేటరీలో గాజు పలక మీద ఏముందో చూసే మనిషి చూపు అది. అందులో ఉన్నది ఒకటా, ఇంకొకటా, ఇంకా తేలనట్టు. తర్వాత మెల్లగా కూర్చోవడం మొదలుపెట్టింది.

మోకాలు లోపలికి పడింది. కింద ఆగింది. తొడ వణికింది. అతని చెయ్యి అక్కడే ఉంది.

మోకాలు బయటికి కదిలింది. కొంచెం. ఆగింది. ఇంకొంచెం. వచ్చి అరచేతికి ఆనింది. తర్వాత గట్టిగా నెట్టింది, ఆ చెయ్యి నిలుస్తుందా లేదా చూస్తున్నట్టు.

అతను చెయ్యి తీయలేదు. రెండో చెయ్యి నేల మీద ఆని ఉంది.